ఈ వేసవిలో బయట తిరగండి, కానీ తలుపులు బిగించిన ఏసీ గదుల్లో కాదు

2020 వేసవి కరోనా లాక్‌డౌన్‌లో పోయింది. 2021 వేసవి బెడ్ల కోసం, ఆక్సిజన్ సిలిండర్ల కోసం ఫోన్లు చేయడంలో పోయింది, ఆ మే నెలలోనే మా పెదనాన్న వెళ్ళిపోయారు. ఇప్పుడు 2022 ఏప్రిల్. కేంద్రం పెట్టిన ఆంక్షలు మార్చి 31తో దాదాపు అన్నీ అయిపోయాయి, రెండేళ్ళుగా ఆగిన పెళ్ళిళ్ళన్నీ ఈ ఎండాకాలంలోనే పడ్డాయి, పిల్లలు అమ్మమ్మగారింటికి ఎప్పుడెళ్దామని రోజూ అడుగుతున్నారు. కాబట్టి ఎవరినీ ఇంట్లో కూర్చోమని నేను చెప్పను. ఎలా తిరగాలో మాత్రం చెప్తాను, ఎందుకంటే ఈ సంక్రాంతికి మా ఇంట్లో జరిగింది చూశాక నాకు ఒక విషయం గట్టిగా తెలిసొచ్చింది.

మా ఊళ్ళో పండగకి అందరం కలిశాం. రాత్రిళ్ళు దోమలని హాల్లో తలుపులు, కిటికీలు బిగించి తొమ్మిది మందిమి పేకాటలో కూర్చున్నాం, రెండింటిదాకా నవ్వులు, అరుపులు. పెద్దవాళ్ళు మాత్రం దుప్పట్లు కప్పుకుని బయట అరుగు మీదే కబుర్లు చెప్పుకున్నారు. అందరం తిన్నది ఒకే వంట, వాడింది ఒకే బాత్రూమ్, తాగింది ఒకే బిందెలో నీళ్ళు. నాలుగో రోజుకి హాల్లో కూర్చున్నవాళ్ళలో ఏడుగురికి జ్వరం. అరుగు మీద ఉన్నవాళ్ళలో ఒక్కరికీ రాలేదు. అందరం టీకా వేయించుకున్నవాళ్ళమే కాబట్టి వారంలో తేలాం, కానీ ఆ రోజు పెద్దవాళ్ళు కూడా లోపలికి వచ్చి కూర్చుని ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదల్లేదు.

కరోనా గాలిలో ఉండే జబ్బు. ఒకరు వదిలిన గాలి మూసిన గదిలో సిగరెట్ పొగలాగా నిలిచిపోతుంది, అదే గాలి మిగతావాళ్ళు పీలుస్తారు. ఎక్కడికి వెళ్ళినా మనసులో ఒక ప్రశ్న వేసుకోండి: ఇక్కడ ఎవరైనా సిగరెట్ కాలిస్తే నాకు వాసన వస్తుందా, వస్తే ఎంతసేపు ఉంటుంది? చలిదేశాల్లో వేసవి అంటే జనం ఆరుబయటకి వచ్చే కాలం, మనకి దానికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. వడగాలికి భయపడి తలుపులు మూసి ఏసీ వేసుకుని లోపలే ఉండిపోతాం. ఇళ్ళలో, ఆఫీసుల్లో ఉండే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు, గదిలో ఉన్న గాలినే చల్లబరిచి మళ్ళీ మళ్ళీ తిప్పుతుంది. అదే కిటికీకి పెట్టిన కూలర్ అయితే, వట్టివేళ్ళ తడికలు కట్టిన పాతది అయినా సరే, బయటి గాలిని లోపలికి తోస్తుంది, ఇంకో కిటికీ తెరిస్తేనే సరిగ్గా పనిచేస్తుంది. చుట్టాలు వచ్చిన రోజున ఏసీ గదికంటే కూలర్ ఉన్న హాలే మేలు. ఏసీ తప్పదంటే ఒక కిటికీ జానెడు తెరిచి, బాత్రూమ్‌లోనో వంటింట్లోనో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి ఉంచండి. కరెంటు బిల్లు కొంచెం పెరుగుతుంది, పెరగనివ్వండి.

ఇక బయట తినడం. 2020 జనవరిలో చైనాలోని గ్వాంగ్‌జౌ అనే ఊళ్ళో ఒక రెస్టారెంట్‌లో పక్కపక్క టేబుళ్ళ దగ్గర మూడు కుటుంబాలు భోంచేశాయి, తర్వాత ఆ మూడు కుటుంబాల్లో పదిమందికి వచ్చింది. వాళ్ళు కూర్చున్నది ఒక ఏసీ గాలి తిరిగే దారిలో, కిటికీలు లేని చోట. అదే అంతస్తులో వేరే టేబుళ్ళ దగ్గర ఉన్నవాళ్ళకి రాలేదు. అందుకని నా లెక్కలో రోడ్డు పక్కన నిలబడి తినే టిఫిన్ సెంటరే అన్నిటికన్నా నయం: పది నిమిషాల్లో ఇడ్లీ తిని, టీ తాగి బయటపడతాం, నెత్తిమీద ఆకాశం ఉంటుంది. తర్వాతి స్థానం హైవే మీద నాలుగువైపులా తెరిచి ఉన్న షెడ్డు డాబాలది. హోటల్ లోపల ఒకవైపు ఏసీ హాలు, ఇంకోవైపు ఫ్యాన్లు తిరిగే నాన్ ఏసీ హాలు ఉంటే రెండోదానికే వెళ్ళండి, చెమట పట్టినా అరగంటే కదా. అన్నిటికన్నా తర్వాత అద్దాలు మూసి, చీకటిగా ఉండి, పాటలు గట్టిగా పెట్టే చోటు. పాటల మీద వినపడాలని అక్కడ అందరూ అరిచి మాట్లాడతారు, అరిచే కొద్దీ నోట్లోంచి వచ్చేది ఎక్కువవుతుంది.

అలాంటి చోటుకే వెళ్ళాల్సి వస్తే టైమ్ మార్చుకోండి. ఆదివారం మధ్యాహ్నం ఒకటిన్నరకి బిర్యానీ హోటల్లో కుర్చీ వెనక నిలబడి, తినేవాళ్ళు ఎప్పుడు లేస్తారా అని చూసే పరిస్థితి ఉంటుంది, అదే పన్నెండుకి వెళ్తే సగం ఖాళీగా ఉంటుంది. తలుపు దగ్గరో కిటికీ దగ్గరో టేబుల్ అడగండి, ఏసీ నేరుగా మొహానికి కొట్టే చోట కూర్చోకండి, మాస్కు తిండి వచ్చాకే తీయండి, కబుర్ల సంగతి తిన్నాక బయట కిళ్ళీ కొట్టు దగ్గర చూసుకోవచ్చు. పార్శిల్ తెచ్చుకుంటే ఇంకో జాగ్రత్త ఉంది, ఇది కరోనాది కాదు, ఎండది: మామూలు రోజుల్లో వండిన తిండి బయట రెండు గంటలకి మించి ఉంచకూడదు అంటారు, 32 డిగ్రీలు దాటితే అది గంటే. పార్శిల్ కారు డిక్కీలో పెట్టి షాపింగ్‌కి వెళ్ళకండి.

ప్రయాణాల దగ్గర మనవాళ్ళకి లేనిపోని భయం విమానం మీద, ఉండాల్సిన భయం లేనిది కారు మీద. విమానం పైకి లేచాక లోపలి గాలి గంటకి ఇరవై, ముప్పైసార్లు మారుతుంది, తిరిగి వాడే గాలి కూడా చాలా సన్నటి ఫిల్టర్లలోంచి వస్తుంది. ఇబ్బంది అంతా కిందే: చెకిన్ లైను, టెర్మినల్ నుంచి విమానం దాకా తీసుకెళ్ళే కిక్కిరిసిన బస్సు, తలుపులు మూశాక విమానం కదలకుండా ఆగి ఉండే ఆ పావుగంట. మాస్కు గట్టిగా ఉండాల్సింది అక్కడ. హైదరాబాద్ నుంచి విశాఖకో తిరుపతికో గంట ప్రయాణంలో తిండి అక్కర్లేదు, ముందే తిని ఎక్కండి. కారు సంగతి వేరు. ట్యాక్సీలో ఐదుగురు ఎక్కి, అద్దాలు ఎత్తి, ఏసీ పెట్టి ఆరు గంటలు వెళ్తే అది చక్రాలున్న మూసిన గదే. ఏసీ దగ్గర కారు బొమ్మ లోపల గుండ్రంగా తిరిగే బాణం ఉన్న బటన్ ఒకటి ఉంటుంది, అది ఆపేస్తే బయటి గాలి వస్తుంది. దాంతోపాటు వెనక అద్దం రెండు వేళ్ళు దించండి.

బస్సుకైతే నేను రాత్రి ప్రయాణమే పెట్టుకుంటాను. ఏసీ లేని సూపర్ లగ్జరీలో కిటికీ పక్క సీటు, రాత్రి తొమ్మిదికి బయల్దేరితే గంట తర్వాత గాలి చల్లబడుతుంది. మిట్టమధ్యాహ్నం 43 డిగ్రీల ఎండలో అదే బస్సు ఎక్కితే కరోనా సంగతి దేవుడెరుగు, వడదెబ్బ తగులుతుంది, అప్పుడు ఏసీ బస్సే ఎక్కి మాస్కు తీయకుండా కూర్చోవడం నయం. రైల్లోనూ అంతే, రాత్రిపూట కిటికీలు తీసి ఉన్న స్లీపర్ గాలి విషయంలో థర్డ్ ఏసీ కన్నా ఎన్నో రెట్లు మంచిది. చిన్నపిల్లలతోనో ముసలివాళ్ళతోనో పగలు వెళ్ళాల్సి వస్తే ఏసీయే తీసుకోండి, ఎండని తేలిగ్గా తీసుకోకండి. ఏసీ బోగీల్లో దుప్పట్లు మళ్ళీ ఇస్తామని రైల్వే వాళ్ళు మార్చిలో ప్రకటించారు గానీ అన్ని రైళ్ళకీ ఒకేసారి రాలేదు, ఒక దుప్పటి బ్యాగులో పెట్టుకోండి.

తిరుమల వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. కొండ మీద ఆరుబయట తిరగడంలో భయం లేదు, భయం క్యూ కాంప్లెక్స్ కంపార్టుమెంట్లలో గంటల తరబడి వందలమందితో కూర్చోవడంలో ఉంది. పెద్దవాళ్ళని తీసుకెళ్తుంటే ఆన్‌లైన్‌లో 300 రూపాయల టికెట్ దొరికిన రోజుకే ప్రయాణం పెట్టుకోండి, మంచి మాస్కులు మనిషికి రెండేసి పట్టుకెళ్ళండి.

మాస్కు అంటే ఎన్95. గుడ్డ మాస్కు చెమటకి తడిసి మొహానికి అంటుకుంటుంది, ఊపిరి ఆడక గడ్డం కిందకి లాగేస్తాం, అప్పుడు అది ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే. రోడ్డు మీద ఒక్కరే నడుస్తున్నప్పుడు తీసేయండి, ఎండలో ఊపిరి పీల్చుకోండి, లోపలికి అడుగు పెట్టే ముందు వేసుకోండి. మూడు నాలుగు పెట్టుకుని రోజుకొకటి మార్చి, వాడింది కాగితం కవర్లో ఆరనిస్తే మళ్ళీ పనికొస్తుంది. ఉతక్కండి, పాడైపోతాయి.

ఇప్పుడు అసలు కష్టమైన సంగతి, పెళ్ళిళ్ళు. ఫంక్షన్ హాల్ అంటేనే మూసిన ఏసీ, వెయ్యి మంది, చెవులు బద్దలయ్యే సౌండు. మానేయమంటే జన్మంతా గుర్తుపెట్టుకునే చుట్టాలు మనకి ఉంటారు, అదీ నిజమే. నేను చేసేది ఇది: కార్డు రాగానే ఫోన్ చేసి భోజనాలు లోపలా బయటా అని కనుక్కుంటాను. భోజనాలు షామియానా కింద అయితే మొదటి బంతిలోనే కూర్చుంటాను, అప్పటికి జనం పలచగా ఉంటారు. భోజనాలు కూడా లోపలే అయితే మాస్కుతోనే స్టేజీ ఎక్కి, అక్షింతలు వేసి, ఫొటోకి ఒక్క నిమిషం తీసి, మళ్ళీ వేసుకుని, గేటు దగ్గర అందరినీ పలకరించి వచ్చేస్తాను. పెళ్ళి మీ ఇంట్లోనే అయితే మీ చేతిలో చాలా ఉంది. రిసెప్షన్ సాయంత్రం ఏడు తర్వాత లాన్‌లో పెట్టుకోండి, హాలే తీసుకుంటే మేనేజర్‌తో ముందే మాట్లాడి పక్క తలుపులన్నీ తెరిపించండి, ఎగ్జాస్ట్‌లు పనిచేస్తున్నాయో లేదో అడ్వాన్స్ ఇచ్చేముందే వేసి చూడండి. పెద్దవాళ్ళకి కుర్చీలు తలుపు దగ్గర వేయించండి.

ఇళ్ళలో కలవడానికి మన పద్ధతులే సాయం చేస్తాయి. ఆవకాయ పెట్టడం ఎటూ డాబా మీదో పెరట్లోనో చేసేదే, అత్తలు, పిన్నులు, అమ్మమ్మలు అందరూ కూర్చుని కాయ కోసుకుంటూ మాట్లాడుకోవచ్చు, పొద్దున్నే ఎనిమిదిలోపు ముగించుకుంటే ఎండా తగలదు. రాత్రికి డాబా మీద నీళ్ళు చల్లి, మంచాలు వేసి, దోమతెరలు కట్టండి. ఇంటికొచ్చిన పిల్లలు ఏసీ గదిలో ఆరుగురు పడుకోవడంకంటే ఇది వాళ్ళకీ ఇష్టమే. ఈ 2022 ఏప్రిల్ నాటికి పన్నెండేళ్ళలోపు పిల్లలకి ఇంకా టీకా లేదని గుర్తుంచుకోండి. 12 నుంచి 14 వాళ్ళకి మార్చి 16 నుంచి కార్బెవాక్స్ టీకా వేస్తున్నారు, సెలవులకి ఊరెళ్ళే ముందే వేయించండి. ఈ 2022 ఏప్రిల్ రూల్ ప్రకారం అరవై దాటినవాళ్ళకి మూడో డోసు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం, 18 దాటిన మిగతావాళ్ళకి ఏప్రిల్ 10 నుంచి ప్రైవేటులో వేస్తున్నారు, రెండో డోసు వేసుకుని తొమ్మిది నెలలు అయి ఉండాలి. మా అమ్మకి నేను వేయించాను, మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఆ తొమ్మిది నెలలు ఎప్పుడు నిండుతాయో ప్రభుత్వ టీకాల వెబ్‌సైట్ కోవిన్‌లో సర్టిఫికెట్ తీసి తేదీ చూడండి.

అమ్మమ్మ, తాతయ్యల్ని చూడ్డానికి వెళ్ళే రోజు పొద్దున ఇంట్లోనే ర్యాపిడ్ కిట్‌తో టెస్ట్ చేసుకోండి, మందుల షాపులో దొరుకుతుంది. మూడు రోజుల ముందు చేసుకున్నది లెక్కలోకి రాదు, ఆ రోజుదే కావాలి. నెగెటివ్ వచ్చినా గొంతు నొప్పి ఉంటే వెళ్ళకండి. ఇక్కడే మనం అందరం తప్పు చేస్తాం. జలుబు చేస్తే ఏసీ పడలేదంటాం, దగ్గొస్తే నీళ్ళు మారాయంటాం, ఒళ్ళు వెచ్చబడితే మామిడిపండ్లు తిని వేడి చేసిందంటాం. మామూలు రోజుల్లో అవి నిజమే కావచ్చు, ఇప్పుడు మాత్రం ఆ మాట అనుకునే ముందు ఒక టెస్ట్ చేసుకోవాలి. రాలేనని చెప్పడానికి మొహమాటం అయితే మాటలు ఇవిగో, ఇలాగే చెప్పండి: "పిన్నీ, పొద్దున్నుంచి గొంతు గరగరగా ఉంది, టెస్ట్ చేసుకున్నాకే వస్తాను, బాబాయికి షుగర్ కదా, నా వల్ల ఆయనకి రాకూడదు." ఇలా చెప్తే కోప్పడిన పిన్నిని నేనింతవరకు చూడలేదు.

తిరిగొచ్చాక జ్వరం వస్తే ముందు ఎండ సంగతి చూడాలి. ఎండలో తిరిగిన మనిషి ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, మగతగా ఉంటే అది వడదెబ్బ కావచ్చు, టెస్టులు పెట్టుకుని కూర్చోకండి, నీడలోకి తెచ్చి ఒంటిమీద నీళ్ళు పోస్తూ 108కి ఫోన్ చేయండి. అలా కాకుండా గొంతు నొప్పి, ఒళ్ళు నొప్పులతో వచ్చిన జ్వరం అయితే టెస్ట్ చేయించి, పాజిటివ్ వస్తే వారం రోజులు వేరే గదిలో ఉండండి, చివరి మూడు రోజులు జ్వరం లేకుండా ఉండాలి. వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో ఆక్సిజన్ 94 కంటే తగ్గితే వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, రేపు చూద్దాం అనుకోకండి. మా పెదనాన్న రెండు రోజులు అలాగే అనుకున్నారు.

పాజిటివ్ అని తెలిసిన గంటలోపే ఫోన్ పట్టుకోండి. జ్వరం మొదలవడానికి రెండు రోజుల ముందు నుంచే మన నుంచి ఇతరులకి పాకుతుంది, కాబట్టి ఆ రెండు రోజుల్లో ఎవరితో కలిసి తిన్నారో, ఎవరి కారెక్కారో, ఎవరి పక్కన పడుకున్నారో గుర్తు తెచ్చుకుని ఒక్కొక్కరికీ చెప్పండి, ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నవాళ్ళకి ముందు.