కుళాయిలో ఉప్పు, ట్యాంకులో తరుగు: పగడపు దీవుల్లో నీటి సరఫరా సమస్యలు – పరిష్కారాలు

లక్షద్వీప్, మాల్దీవుల వంటి పగడపు దీవుల్లో నదులు ఉండవు. ఇసుకలోకి ఇంకిన వాన నీరు అడుగున ఉన్న ఉప్పునీటి మీద పలుచని పొరగా తేలుతూ ఉంటుంది. అది చాలని చోట సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంట్లు వచ్చాయి. లక్షద్వీప్ రాజధాని కవరత్తిలో, చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 2005లో నెలకొల్పిన ప్లాంటు సామర్థ్యం రోజుకు లక్ష లీటర్లు. ఇంత ఖర్చుతో సమకూర్చిన నీరు చాలడం లేదనో, ఉప్పగా ఉందనో ఫిర్యాదు రాగానే అందరి చూపూ కొత్త బావి మీదికో, పెద్ద మోటారు మీదికో, మరో ప్లాంటు మీదికో పోతుంది. రాత్రి పూట ట్యాంకులో నీటిమట్టం ఎంత తగ్గుతోందో కొలిచారా అని అడిగితే మాత్రం ఎవరి దగ్గరా జవాబు ఉండదు. ఆ కొలత తీసుకోకుండా మిగతా మరమ్మతుల గురించి చర్చించడం వృథా.

సమస్య: ట్యాంకు నిండుతోంది, చివరి ఇళ్లకు నీరు చేరడం లేదు

ఊరు నిద్రపోయాక, ఒంటిగంట నుంచి నాలుగు గంటల వరకు, ట్యాంకుకు నీరెక్కించే పంపును ఆపి, ఊళ్లోకి వెళ్లే వాల్వును తెరిచి ఉంచి మట్టం చూడండి. ఇళ్లలో సంపులుంటే ఆ రాత్రికి వాటి వాల్వులు కట్టేయమని ముందే చెప్పాలి, లేకపోతే సంపుల్లో నిండే నీరు కూడా లీకు లెక్కలోకి వస్తుంది. అడుగు వైశాల్యం 20 చదరపు మీటర్లున్న ట్యాంకులో మూడు గంటల్లో 15 సెంటీమీటర్లు తగ్గిందంటే 3,000 లీటర్లు, అంటే గంటకు వెయ్యి లీటర్లు, ఎవరూ వాడకుండానే పోయాయన్నమాట. మరుసటి రాత్రి అదే వాల్వును పూర్తిగా మూసి మళ్లీ కొలవండి. అప్పుడూ తగ్గితే తప్పు ట్యాంకుదో, అడుగున ఉన్న, ట్యాంకు కడిగిన నీటిని వదిలే వాష్‌అవుట్ వాల్వుదో, మూసినా నీటిని పోనిస్తున్న ప్రధాన వాల్వుదో అవుతుంది. తగ్గకపోతే తరుగంతా ఊళ్లోని పైపులదే.

ఈ దీవుల్లో లీకు ఎవరి కంటా పడకపోవడానికి కారణం నేల స్వభావం. నల్లరేగడిలో పైపు పగిలితే గంటలో రోడ్డు మీద మడుగు కడుతుంది. పగడపు ఇసుకలో నీరు పైకి రాదు, పడినచోటే కిందికి ఇంకిపోతుంది. నేల పొడిగా ఉంది కాబట్టి లీకు లేదనే వాదన ఇక్కడ చెల్లదు. ప్లాస్టిక్ పైపులో లీకు శబ్దం దూరం ప్రయాణించదు కాబట్టి ఇనుప కడ్డీ ఆనించి వినే పద్ధతి కూడా పెద్దగా పనికిరాదు. రాత్రి పూట వీధి వాల్వులను ఒక్కొక్కటిగా మూసుకుంటూ వెళ్లి, ఏది మూసినప్పుడు ట్యాంకు తరుగు నెమ్మదించిందో గుర్తించడమే నమ్మదగిన దారి. ఆ వీధిలో తవ్వవలసింది ప్రధాన పైపును కాదు, ఇంటి కనెక్షన్లను. ఉప్పు గాలికి, ఉప్పు నేలకు తుప్పుపట్టిన జి.ఐ. నిపుల్ (జింకు పూత వేసిన ఇనుప పైపు ముక్క), వదులైన సాడిల్ (ప్రధాన పైపు చుట్టూ బిగించే పట్టీ), పగిలిన ఫెర్రూల్ (ఇంటి కనెక్షను మొదలయ్యే చిన్న అమరిక), ఈ మూడింటిలో ఒకటి తప్పకుండా దొరుకుతుంది. మళ్లీ ఇనుప ముక్కే బిగిస్తే కొన్నేళ్లకు అదే గొయ్యి మళ్లీ తవ్వాలి. హెచ్‌డిపిఇ అనే గట్టి ప్లాస్టిక్ పైపు, ప్లాస్టిక్ సాడిల్, స్టెయిన్‌లెస్ బోల్టులు వాడండి.

లీకైన నీరు తిరిగి భూగర్భంలోకే చేరుతుంది కదా, నష్టమేమిటని అడిగేవారుంటారు. డీజిల్ కాల్చి తయారుచేసి, డీజిల్ కాల్చి ట్యాంకు కెక్కించిన నీరది. పైగా తీరం పక్కన వేసిన పైపుల నుంచి కారిన నీటిలో చాలా భాగం సముద్రంలోకే పోతుంది.

సమస్య: కుళాయి నీరు ఉప్పగా వస్తోంది

నన్ను అన్నింటికంటే ఎక్కువగా తిప్పలు పెట్టినది ఇదే. ఉప్పు రుచి తగలగానే బావి పాడైందని తీర్మానించి, మోటారు మార్చి, పక్కన కొత్త బావి తవ్వి, చివరకు కుళాయిలో అదే ఉప్పును చూసిన ఊళ్లున్నాయి. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35,000 మిల్లీగ్రాముల లవణాలుంటాయి. వంద లీటర్ల మంచినీటిలో రెండు లీటర్ల సముద్రపు నీరు కలిస్తే చాలు, నీటిలో కరిగిన లవణాల కొలత, అంటే టీడీఎస్, ఏకంగా లీటరుకు దాదాపు 700 మిల్లీగ్రాములు పెరుగుతుంది. తాగునీటికి భారతీయ ప్రమాణం కోరేది 500 లోపు. ఇంత కొద్దిపాటి కల్తీ జరగడానికి బావి మొత్తం పాడవనక్కరలేదు, పైపుకు ఒక్క చిల్లు చాలు.

అదెలాగో చూడండి. రోజుకు ఒకటి రెండు గంటలే నీరు వదిలే చోట మిగతా సమయమంతా పైపు ఖాళీగా ఉంటుంది. పగడపు దీవిలో భూగర్భ నీటిమట్టం పోటు పాటులతో పాటు పెరిగి తగ్గుతుంది, సముద్రంలో పోటు వచ్చిన వెంటనే కాకుండా కొంత ఆలస్యంగా. తీరం వెంట లోతుగా వేసిన పైపు ఆ సమయంలో ఉప్పునీటిలో మునుగుతుంది. నీరు వదిలినప్పుడు బయటికి కారే చిల్లే, వదలనప్పుడు లోపలికి పీల్చే చిల్లు అవుతుంది. దీనికి తోడు కుళాయికి నేరుగా మోటారు బిగించే అలవాటు. ఈ అలవాటు మన ఊళ్లలోనూ ఉన్నదే కాబట్టి వివరించనక్కరలేదు. ఆ మోటారు లాగేటప్పుడు పైపులో పీడనం సున్నాకన్నా కిందికి పోయి, నీరు వదిలిన సమయంలో కూడా చుట్టుపక్కల నేలలోని నీటిని లోపలికి గుంజుతుంది.

దోషం బావిదా పైపుదా అన్నది తేల్చడానికి ఒక టీడీఎస్ మీటరు చాలు. ట్యాంకు దగ్గర, వీధి మధ్యలో, చివరి కుళాయి దగ్గర, నీరు వదిలిన మొదటి నిమిషంలో ఒకసారి, ఇరవై నిమిషాల తర్వాత ఒకసారి కొలవండి. పోటు ఎక్కువగా ఉన్న రోజున, తక్కువగా ఉన్న రోజున విడివిడిగా కొలవండి. ట్యాంకులోనే ఉప్పు ఉండి, సరఫరా సాగినంతసేపూ అంకె మారకపోతే దోషం మూలంలోనే ఉంది. ట్యాంకు నీరు బాగుండి, కుళాయిలో మొదట ఉప్పగా వచ్చి క్రమంగా తేరుకుంటే పైపు పీలుస్తోంది. తేరుకోకుండా పైకీ కిందికీ ఊగుతుంటే ఆ వీధిలో ఎవరో మోటారు పెట్టారు. కవరత్తి ప్లాంటు నీరు ఆవిరిని చల్లార్చి పట్టిన నీరు, అందులో ఉప్పు దాదాపు ఉండదు కాబట్టి, బావి నీరు కలపని చోట ఈ తేడా ఇంకా స్పష్టంగా కనబడుతుంది.

నీటిలో మిగిలిన క్లోరిన్‌ను చూపే క్లోరోస్కోపుతో అదే కుళాయి నీటిని పరీక్షించడం మరవకండి. క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. ట్యాంకు దగ్గర ఉన్న క్లోరిన్ ఆ కుళాయి దగ్గర మాయమైతే, లోపలికి వస్తున్నది ఉప్పునీరు మాత్రమే కాదు, ఇళ్ల వెనుక మరుగుదొడ్ల గుంతల నుంచి ఇంకిన నీరు కూడా అయి ఉండవచ్చు. అప్పుడు ఇది రుచికి సంబంధించిన ఫిర్యాదుగా మిగలదు. ఆ వీధికి మరమ్మతు పూర్తయ్యే వరకు నీరు కాచి తాగమని చెప్పాలి.

పరిష్కారంలో క్రమం ముఖ్యం. ముందు చిల్లులు పూడ్చాలి, తర్వాత మోటార్లు తీయించి ప్రతి ఇంటికీ సంపు పెట్టించాలి, ఆ తర్వాతే పైపును ఎప్పుడూ నిండుగా, కొద్దిపాటి పీడనంతో ఉంచే ఏర్పాటు చేయాలి. లోపలి పీడనం నేలలోని నీటి పీడనం కన్నా ఎక్కువగా ఉన్నంతకాలం బయటి నీరు లోపలికి రాలేదు. ఈ క్రమాన్ని తిరగేసి, చిల్లులున్న పైపును ఇరవై నాలుగు గంటలూ నిండుగా ఉంచబోతే తెల్లారేసరికి ట్యాంకు ఖాళీ అవుతుంది. అప్పుడు నిరంతర సరఫరా ఇక్కడ కుదరదని అధికారులు తేల్చేస్తారు.

సమస్య: బావిలోనే ఉప్పు పెరిగింది

కొలతల్లో దోషం నిజంగా మూలానిదే అని తేలితే, కారణం దాదాపు ఎప్పుడూ తోడే వేగమే. సముద్రమట్టం కన్నా మంచినీరు ఒక అడుగు ఎత్తున ఉంటే, దాని కింద సుమారు నలభై అడుగుల వరకు మంచినీరు ఉంటుందని సూత్రం. అంటే మోటారు ఆ మట్టాన్ని కొద్దిగా దించినా అడుగున ఉప్పునీరు చాలా పైకి పొంగుతుంది. కోనసీమ తీర గ్రామాల్లో ఫిల్టర్ పాయింటు (తక్కువ లోతు బోరు) నడిపే రైతుకు ఇది చెప్పనక్కరలేదు. పెద్ద మోటారును తీసేసి చిన్నది పెట్టండి, ఎక్కువ గంటలు నెమ్మదిగా తోడండి, వీలైతే నీటిని పీల్చే పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వును పైకి జరపండి. పసిఫిక్ మహాసముద్రంలోని కిరిబాటి దేశపు తరావా దీవిలో నిలువు బోర్లకు బదులు నీటిమట్టానికి కాస్త కింద అడ్డంగా చిల్లుల పైపులు పరిచి పైపై నీటిని మాత్రమే తీసుకుంటారు. కొత్తగా కట్టేవారికి అనుసరించదగిన నమూనా అదే. ఒకసారి పొంగిన ఉప్పు మోటారు ఆపగానే దిగదు, ఒక వర్షాకాలమైనా గడవాలి.

మిగిలిన కారణాలు

నీటి మీటరు నెమ్మదించి లెక్క తప్పడం జరుగుతుంది, కానీ అది కాగితం మీది నష్టం. తుపాను అలలు దీవి మీదుగా పొర్లి బావుల్లో పడితే కారణం అందరికీ కళ్లెదుటే ఉంటుంది. ఆ నీటిని నిదానంగా తోడేసి వానల కోసం ఆగాలి. ప్లాంటు ఆగిపోవడం అరుదే అయినా 2014 డిసెంబరులో మాల్దీవుల రాజధాని మాలే ప్లాంటులో మంటలు రేగి ఊరంతటికీ తాగునీరు లేకుండా పోయింది, భారతదేశం విమానాల్లో, నౌకల్లో నీరు పంపవలసి వచ్చింది. అలాంటి రోజు కోసం నిల్వ ఉంచిన ట్యాంకు ఎన్ని రోజులు వస్తుందన్నది కూడా మొదట చెప్పిన రాత్రి కొలతను బట్టే లెక్కకట్టాలి.