కాగడా మొగ్గెయ్యకపోతే ఏం చూడాలి?

మనకి చలికాలం వానతో మొదలవుతుంది. నైరుతి వానలకి గోదావరి జిల్లాలు తడుస్తుంటే నెల్లూరోళ్ళం ఇంకా ఉక్కపోతలోనే ఉంటాం. అక్టోబరు సగం దాటి ఈశాన్యం పట్టుకుందా, ఇక డిసెంబరు దాకా వాయుగుండాల లెక్కే. కాగడా (చలికాలం పూసే తెల్లటి మల్లె జాతి), పారిజాతం, రాత్రి రాణి, చేమంతి పూతకొచ్చే రోజులూ సరిగ్గా అవే. ఎండాకాలం పూసే మల్లెకి చేసే చాకిరీ అంతా తెచ్చి ఈ మొక్కలకి చేస్తే ఎదురు తిరుగుతుంది. "మొక్క బాగుంది, పువ్వు లేదు" అని నన్నడిగే వాళ్ళలో ఎక్కువమంది చేసిన పొరపాటు ఇదే. నేనూ చేశాను.

ఏ మందు కొనాలని అడగబోయే ముందు మట్టిలో వేలు రెండు కణుపుల లోతు దించి చూడండి. చల్లగా, జిగటగా, మురుగు వాసనతో ఉంటే నిలవ నీరు, దాని సంగతి కింద చెప్పాను. పొడిపొడిగా రాలిపోతే వేరుకి తడి అందడం లేదు. ఆకు పసుపెక్కడం రెండింట్లోనూ ఉంటుంది కాబట్టి ఆకుని చూసి నిర్ణయానికి రావద్దు.

ఆకు గుబురుగా ఉంది, మొగ్గ మాత్రం లేదు

ముందు ఎండ చూడండి. ఈ రోజు ఎండ కాదు, డిసెంబరు ఎండ. నెల్లూరు 14 డిగ్రీల పైచిలుకు ఉత్తర అక్షాంశంలో ఉంది. జూన్ నెలాఖర్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. డిసెంబరు నెలాఖరుకి దక్షిణానికి 38 డిగ్రీల దాకా వాలిపోతాడు. 10 అడుగుల గోడ ఉందనుకోండి, ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం కూడా దానికి ఉత్తరం వైపు దాదాపు 8 అడుగుల నీడ పడుతుంది. డాబా మీద ఇంకో అంతస్తు లేస్తే నీడ రెట్టింపు.

నేను కాగడా మొక్క తెచ్చింది ఆషాఢంలో. ఇంటికి ఉత్తరం పక్క సందులో ఎండ దంచి కొడుతోంది, ఇంతకంటే మంచి చోటేముంది అని అక్కడే పెట్టాను. రెండేళ్ళు ఆకు తప్ప ఇంకేం లేదు. పక్కింటి పెద్దామె వచ్చి చూసి "ఏందబ్బాయా, చెట్టుకి దిష్టి గానీ తగిలిందా" అని ఎర్రనీళ్ళు తిప్పమంది. మూడో ఏడు డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున్నించి సాయంత్రం దాకా గమనిస్తే ఆ సందులోకి గంటసేపైనా ఎండ రాలేదు. కుండీ తీసుకెళ్ళి మెట్ల దగ్గర, దక్షిణం పక్కన పెట్టాక మరుసటి ఏడాది పూసింది. కాగడాకి చలికాలంలో రోజుకి 5, 6 గంటల ఎండ తగలాలి. నేలలో పాతేసినదైతే జరపలేరు కాబట్టి, పాతే ముందే ఈ లెక్క వేసుకోండి.

ఎండ సరిపోతోందంటే కత్తెర ఎప్పుడు వేశారో గుర్తు చేసుకోండి. మల్లెకి చలికాలంలో నీళ్ళు ఆపి, ఆకు దూసి, కొమ్మ కత్తిరిస్తాం. ఎండాకాలం పూతకి అది సరైన పనే. అదే ఊపులో పక్కనున్న కాగడానీ కత్తిరించారంటే ఆ ఏటి పూలు కత్తెరకే పోయినట్టు. కాగడా కొత్త చిగుళ్ళ కొసన పూస్తుంది. పూత అయిపోయాక, ఫిబ్రవరి ఆఖరున గానీ మార్చిలో గానీ గట్టిగా కత్తిరించాలి. జులైలో కొసలు తుంచుకోవచ్చు. వినాయక చవితి దాటాక కత్తెర లోపల పెట్టేయాలి. పారిజాతానిదీ దాదాపు ఇదే వరస: పూత ఆగి ఆకు రాలే రోజుల్లోనే కొమ్మ తగ్గించాలి.

మూడోది యూరియా. మొగ్గ రాలేదని గుప్పెడు యూరియా చల్లితే ఇంకా ఆకే వస్తుంది. సెప్టెంబరు నుంచి నత్రజని తగ్గించి, కుండీకి గుప్పెడు బాగా చివికిన పశువుల ఎరువు, కాస్త వేప పిండి, ఒక చెంచా ఎస్‌ఓపీ (సల్ఫేట్ రకం పొటాష్ ఎరువు) చాలు.

చేమంతి సంగతి వేరే. దానికి పొడవాటి చీకటి కావాలి. రాత్రి పొడవు పెరిగిందని తెలిశాకే మొగ్గ కడుతుంది. వీధి దీపం కిందో, తెల్లవార్లూ వెలిగే వరండా లైటు కిందో ఉన్న చేమంతికి రాత్రయినట్టే తెలియదు. కుండీని చీకటి మూలకి జరపండి, లేదా పడుకునే ముందు లైటు తీసేయండి. రాత్రి రాణికీ పెద్ద పగళ్ళ తర్వాత చిన్న పగళ్ళు రావాలి, అప్పుడే పూత మీదకి మళ్ళుతుంది. అదీ దీపానికి దూరంగా ఉంటేనే మేలు.

ముసురు పట్టినప్పటి నుంచి ఆకు పసుపెక్కి రాలుతోంది

నెల్లూరు, ఒంగోలు వైపు వాసన పూల మొక్కల్ని ఎక్కువగా చంపేది ఇదే. పురుగు కంటే, తెగులు కంటే నిలవ నీరే ముందు చంపుతుంది. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు పెరళ్ళలో నీళ్ళు నిలిచిన రోజులు చాలామందికి గుర్తే. వేరు మునిగిందంటే దానికి గాలి అందదు. గాలి అందని వేరు నీళ్ళు పీల్చదు. అందుకే చుట్టూ నీళ్ళున్నా మొక్క దాహంతో వాడినట్టు తల వేలాడేస్తుంది. మనం చూసి జాలిపడి ఇంకో చెంబు పోస్తాం.

కుండీ అయితే కింద పెట్టిన పళ్ళెం తీసేసి, రెండు ఇటుక ముక్కల మీదకి ఎత్తండి. అడుగు బెజ్జంలో సన్న కర్ర గుచ్చి చూడండి, సగం సార్లు వేరో మట్టో అడ్డుపడి ఉంటుంది. నేలలో ఉంటే మొక్కకి రెండడుగుల దూరంలో చిన్న కాలవ తీసి నీళ్ళు బయటికి పోనివ్వండి. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో కాలవ ఒక్కటే చాలదు. మొక్కని నేలమట్టానికి కనీసం అడుగు ఎత్తు కట్ట మీద నాటుకోవాల్సిందే. ఎర్ర నేలల వాళ్ళకీ, ఇసక నేలల వాళ్ళకీ ఈ బెడద తక్కువ.

నిలిచిన నీళ్ళు దిగిపోయాక వారం, పది రోజులు ఎరువు జోలికి పోవద్దు. దెబ్బతిన్న వేరు మీద ఎరువు పడితే పుండు మీద కారమే. కాండం మొదట్లో బెరడు మెత్తబడి గోధుమరంగు తిరిగితే అది కుళ్ళు. లీటరు నీళ్ళకి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదలు తడిచేలా పోయండి. నల్లబడిన కొమ్మల్ని పచ్చి దగ్గరికి కత్తిరించేయండి. వచ్చే ఏడు అక్టోబరు రాకముందే ట్రైకోడెర్మా (కుళ్ళుని అడ్డుకునే మేలు చేసే శిలీంధ్రం) పొడిని చివికిన ఎరువులో కలిపి వేసుకుంటే ఈ అవస్థ చాలా వరకు తప్పుతుంది. కాపర్ మందునీ ట్రైకోడెర్మానీ ఒకేసారి వేయకండి, మొదటిది రెండోదాన్ని చంపుతుంది.

నేలంతా తడే, కొత్తగా నాటిన మొక్క మాత్రం ఎండుతోంది

గోదావరి పక్క నర్సరీల నుంచి లారీల్లో వచ్చే మొక్కల వేళ్ళ చుట్టూ ఒండ్రు మట్టి ముద్ద ఉంటుంది. ప్రయాణానికి అది మంచిదే. కానీ ఆ ముద్దని అలాగే తెచ్చి మన ఇసక నేలలో పాతిపెడితే, పోసిన నీళ్ళు ఇసకలోంచి జారిపోతాయి, ఎండిన ముద్దలోకి మాత్రం చుక్క దిగదు. మొక్కని నాటబోయే ముందు బకెట్ నీళ్ళలో బుడగలు ఆగేదాకా ముంచి, పైపొర మట్టిని వేళ్ళతో మెల్లగా విదిలించి నాటండి. మొత్తం దులపొద్దు, పీచు వేళ్ళు తెగుతాయి. ఇప్పటికే నాటేసి ఉంటే మొదట్లోనే, ముద్ద మీదే, సన్న కర్రతో నాలుగైదు చోట్ల గుచ్చి నీళ్ళు నిదానంగా పోయండి.

కొత్త ఆకు పచ్చగా లేదు, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి

ఇనుము అందడం లేదు. మట్టిలో ఇనుము ఉన్నా, సున్నం ఎక్కువైతే వేరు దాన్ని తీసుకోలేదు. మార్కాపురం, పొదిలి, కనిగిరి వైపు గట్టి బోరు నీళ్ళు పోసే ఇళ్ళలో కాగడా ఇట్టా పాలిపోవడం మామూలే. లీటరు నీళ్ళకి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకు మీద పిచికారీ చేయండి. పచ్చ తిరిగేదాకా నెలకోసారి కొట్టొచ్చు. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. గచ్చు మీద పడితే తుప్పు మరక పోదు, ముందే చెబుతున్నాను.

పసుపు ముదురాకుల్లో మొదలైతే మాత్రం ఇనుము లోపం కాదు. అది నత్రజని లోపమో, పైన చెప్పిన నిలవ నీరో.

ఆకు అంచులు మాడి, కొస గోధుమరంగు తిరిగింది

ఉప్పు. కొత్తపట్నం, అల్లూరు, విడవలూరు, ముత్తుకూరు తీరంలో, ముఖ్యంగా రొయ్యల చెరువుల పక్క ఊళ్ళలో, బోరు నీళ్ళు నోట్లో పోసుకుంటేనే తెలుస్తుంది. కానీ ఊరి మధ్యలో ఉన్నవాళ్ళకీ ఈ బెడద వస్తోంది, దానికి కారణం వంటింట్లో ఉంది. నీళ్ళు శుద్ధి చేసే మిషను పక్క గొట్టం నుంచి వదిలే నీటిని వృథా చేయడమెందుకని కుండీల్లో పోస్తున్నారు. మంచినీళ్ళలోంచి తీసేసిన ఉప్పంతా ఆ నీళ్ళలోనే ఉంటుంది. గచ్చు కడగడానికి వాడుకోండి, మొక్కలకొద్దు.

పేరుకున్న ఉప్పుని కడగడానికి మన ఈశాన్య వానే సాయం. బెజ్జాలు సరిగ్గా ఉన్న కుండీని వానలో పెట్టి, నీళ్ళు ధారగా కిందికి పోనిస్తే ఉప్పు కొట్టుకుపోతుంది. డాబా మీద నుంచి దిగే వాన నీళ్ళు ఒక డ్రమ్ములో పట్టి మూత పెట్టుకుంటే చలికాలానికి పనికొస్తాయి, దోమలూ రావు. పొటాష్ వేయాలంటే మ్యూరేట్ వద్దు, అందులో క్లోరైడ్ ఉంటుంది. సముద్రపు గాలి గట్టిగా కొట్టిన మర్నాడు ఆకుల్ని మంచినీళ్ళతో కడిగేయండి.

మొగ్గ ఊదారంగు తిరిగి రాలుతోంది

ఒక మొగ్గ చీల్చి చూడండి. చిన్న చిల్లు, లోపల పురుగు, మొగ్గల్ని కలిపి గూడు కట్టిన దారాలు కనిపిస్తే మొగ్గ తొలుచు పురుగు. చిల్లు లేకుండా మొగ్గ మొదలు ఉబ్బి ఊదాగా మారి ఎండితే అది మొగ్గ ఈగ. రెండింటికీ మొదటి పని ఒకటే: చెడిన మొగ్గలన్నీ కోసి, రాలినవీ ఏరి, కాల్చేయండి. ఈగ పిల్లలు మట్టిలోకి దిగి పెరుగుతాయి కాబట్టి పైమట్టిని గొల్లి వేప పిండి కలపాలి. ఆ తర్వాత లీటరుకి 5 మిల్లీలీటర్ల వేప నూనె, కాస్త సబ్బు నీళ్ళు కలిపి వారానికోసారి సాయంత్రం కొట్టండి. ఇంట్లో జడలోకీ దేవుడికీ పోయే పూలు కాబట్టి అంతకు మించిన విషాలు నేను వాడను. నాలుగు మొక్కలకి అవసరమూ రాదు.

పూసింది గానీ వాసన లేదు

కాగడాకి సన్నని వాసనే ఉంటుంది. సంస్కృతంలో కుందం, మన తెలుగులో మొల్ల అన్నది ఈ జాతే, దాన్ని మెచ్చుకున్నది తెల్లదనానికి. గుండుమల్లె గుబాళింపు దాన్నుంచి ఆశిస్తే నిరాశే. చలికాలంలో మల్లె దొరకదు కాబట్టి ధనుర్మాసంలో కాగడా మూర ధర వింటే గుండె ఆగుతుంది, అంతేగానీ వాసన వల్ల వచ్చిన ధర కాదది. దండలో మధ్యమధ్య నాలుగు రెబ్బల మరువం పెట్టి కట్టుకుంటే ఆ లోటు తెలియదు.

రాత్రి రాణికి వాసన లేదంటే మీరు పగలు చూస్తున్నారు. దీపాలు పెట్టాక రండి.

పారిజాతం కొయ్యబోయేసరికే రాలిపోతోంది

దానికి మందు లేదు, దాని తీరే అది. చీకటి పడ్డాక విచ్చి, తెల్లవారేసరికి రాలుతుంది. రాత్రి చెట్టు కింద పాత పంచె పరిచి, పొద్దున్నే మడిచి తెచ్చుకోండి. కింద పడిన పువ్వు పూజకి పనికిరాదనే ఆచారంలో పారిజాతానికి మినహాయింపు ఎప్పటి నుంచో ఉంది.

రాత్రి రాణి దగ్గర పాము కనిపించింది

వాసనకి పాము వస్తుందని మా ఇంట్లోనూ భయపడేవాళ్ళు. గుబురుగా నేలని తాకే కొమ్మల కింద వానాకాలపు కప్పలు, ఎలుకలు చేరతాయి, వాటి కోసం వస్తుంది పాము. నేల నుంచి అడుగున్నర దాకా కొమ్మలు తీసేసి, కింద ఆకు చెత్త ఊడ్చి, గచ్చు దాకా చూపు ఆనేట్టు పెట్టుకోండి. పడకగది కిటికీ పక్కన మాత్రం నాటవద్దు, ఆ ఘాటుకి కొందరికి తలనొప్పి వస్తుంది. పూత తర్వాత కట్టే చిన్న తెల్లకాయలు విషం. చిన్నపిల్లలున్న ఇంట్లో గుత్తులు కనబడగానే కోసేయండి, కత్తిరించిన కొమ్మల్ని గోడ అవతల మేకలు తిరిగే చోట పడేయకండి.