వాక్కాయ కోతకు వెళ్లేముందు: కంటికి ముల్లు తగిలితే దుకాణపు చుక్కల మందు వేయవద్దు

పోయిన శ్రావణంలో మా ఊరి చేల గట్టు మీద వాక్కాయలు కోస్తున్న ఒకామెకు కంట్లో ముల్లు గీసుకుంది. ముందున్న మనిషి దోటితో కొమ్మను వంచి, కాయలు తెంపుకొని, వెనుక ఎవరున్నారో చూడకుండా వదిలేయడంతో అది ఎగిరి ఆమె ముఖానికి కొట్టింది. రెండు రోజులు కంట నీరు కారడం తప్ప పెద్ద బాధ లేదు. మూడో రోజు కన్ను ఎర్రబడగా, మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న చుక్కల మందు వేసుకున్నారు. ఎరుపు తగ్గింది, ఆమె మళ్లీ కోతకు వెళ్లారు. నెల తిరిగేసరికి ఆ కంట్లో పువ్వు పడింది. ఇప్పుడు ఆ కంటికి వెలుగూ చీకటీ తప్ప మరేమీ తెలియదు. ఇలాంటివి నేను చూడటం ఇది మొదటిసారి కాదు.

వాక్కాయ ఏడాది పొడవునా పచ్చగా ఉండే పొద. ఎండాకాలంలో తెల్లని, సువాసన గల పూలు పూసి, వానాకాలంలో పప్పుకూ పచ్చడికీ కాయలిస్తుంది. బేకరీల్లో కనిపించే ఎర్రని చెర్రీలలో చాలా భాగం చక్కెర పాకంలో ఊరిన వాక్కాయలే. నీటి ఎద్దడిని తట్టుకుంటుంది, పశువులను చొరనివ్వదు, కాబట్టి రైతులు దీన్ని కంచెగా నాటుతారు. అయితే పశువును ఆపే ఆ ముల్లే మనిషికీ ముప్పు. ఆకుల మొదట్లో జంటలుగా వచ్చే ముళ్లు గట్టిగా, సూటిగా, ఒక్కొక్కప్పుడు అయిదు సెంటీమీటర్ల వరకు ఉంటాయి. చేతికి తొడుగు, కాలికి చెప్పు అని నేను చెప్పనక్కరలేదు, ఆ సంగతి అందరికీ తెలుసు. కంటికి అడ్డం పెట్టుకోవాలని మాత్రం ఎవరికీ తోచదు.

ముల్లు, ఆకు, కొమ్మ వంటివి కంటి నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరను గీసినప్పుడు, వాటి మీద ఉన్న బూజు ఆ గీతలోకి చేరి మెల్లగా పెరుగుతుంది. మెల్లగా పెరగడమే ఇక్కడ మోసం, ఎందుకంటే మొదటి రోజుల్లో గాయం మానినట్లే ఉంటుంది. దుకాణంలో ఇచ్చే చుక్కల మందుల్లో కొన్నింటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. అది ఎరుపునూ నొప్పినీ అణచి ఉపశమనం ఇచ్చినట్లు కనిపిస్తూనే, కంటి రక్షణ శక్తిని తగ్గించి బూజుకు దారి వదులుతుంది. సీసా మీద డెక్సామెథసోన్, బెటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అన్న పేర్లలో ఏది కనిపించినా, కంటి వైద్యులు చూడకముందు వేయవద్దు. ఇంట్లో ఎవరికో శుక్లాల ఆపరేషన్ తరువాత మిగిలిన సీసా అయినా సరే, వేయవద్దు. ఆకు పసరు, చనుబాలు, ఆముదం కూడా వేయవద్దు.

కంటి ఆసుపత్రిలో పుండు నుంచి కొద్దిగా గీరి తీసి, సూక్ష్మదర్శినిలో చూసి, బూజు అని తేలితే నాటమైసిన్ వంటి మందు ఇస్తారు. మొదట్లో గంటకొకసారి, తరువాత వారాల తరబడి వేయవలసి ఉంటుంది. పుండు చిన్నదిగా ఉండగా వెళ్తే చూపు దక్కే అవకాశం ఎక్కువ.

కంచె విషయంలో ఒక మాట. వాక్కాయ వరుసలో పచ్చగన్నేరును కలిపి నాటవద్దు. రెండూ ఒకే కుటుంబపు మొక్కలు, రెండింటికీ పాలు కారతాయి; గన్నేరు కాయ మాత్రం గుండె లయను దెబ్బతీసి ప్రాణం తీయగలదు. కంచె కాయలు తినవచ్చని విన్న పిల్లవాడు ఏది ఏదో చూసుకోడు.

ఇక వరుసగా చెబుతాను. అయిదు మీటర్ల లోపు మనిషి ఉంటే కొమ్మను వంచవద్దు. వంచిన కొమ్మను విసురుగా వదలవద్దు, చేత్తో పట్టుకొని మెల్లగా వెనక్కి పంపండి. పారదర్శకమైన ప్లాస్టిక్ కళ్లద్దాలు పెట్టుకోండి. పొదలోకి తల దూర్చవద్దు. కొమ్మలు కత్తిరించాలంటే కోత ముగిశాక, పగటి వెలుగులో, బయటి నుంచి లోపలికి. నరికిన ముళ్ల కొమ్మలను దారి మీద వదలవద్దు. పొద మొదట్లోకి చేయి పెట్టేముందు కర్రతో కదిలించండి, పాములుంటాయి. కీలు దగ్గర ముల్లు విరిగితే సూదితో కెలకవద్దు, డాక్టరు వద్దకు వెళ్లండి, ధనుర్వాతం టీకా వేయించుకొని అయిదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాలేమో అడగండి. కంట్లో పాలు పడితే శుభ్రమైన నీటితో బాగా కడగండి. ముల్లు కంట్లో దిగి ఉంటే కడగవద్దు, లాగవద్దు, నొక్కవద్దు. కంటికి తగలకుండా కాగితపు కప్పు అడ్డుపెట్టి ఆసుపత్రికి బయలుదేరండి. నొప్పి తగ్గినా వెళ్లండి. ఎరుపు తగ్గినా వెళ్లండి. దుకాణపు చుక్కలు వేయవద్దు. ఎవరైనా ఇప్పటికే వేసి ఉంటే, ఆ సీసాను పారేయకుండా డాక్టరుకు చూపించండి.