మత్తడి పోయకముందే: దెయ్యం చేప విషయంలో జాగ్రత్తలు

మొన్న ఆదివారం మా చెరువులో వల గుంజితే బొచ్చెలు, రవ్వులతో పాటు నాలుగు దెయ్యం చేపలు (అక్వేరియం వాళ్లు సక్కర్ ఫిష్ అనేవి) పడ్డాయి. ఒంటి మీద చిరుతపులి మచ్చలు, పొలుసుల బదులు గట్టి పెంకులు, రెక్కలకు ముళ్లు. వలలో చిక్కితే విడదీయడం మన వల్ల కాదు, కత్తెర పెట్టి వల కండ్లు కోయాల్సిందే. పొద్దున ఆరింటికి గట్టు మీద పారేశాం. పదకొండింటికి బువ్వ తిని వచ్చి చూస్తే ఒకటి ఇంకా నోరాడిస్తోంది. తమ్ముడి వరసయ్యే ఒకాయన "ఇంకా పానమున్నదే అన్నా, పాపం తగుల్తది" అంటూ కాలితో నీళ్లలోకి నెట్టిండు. నేను మొత్తుకునేలోపే మునిగిపోయింది.

ఈ రాత ఆ ఒక్క పని గురించే. పట్టిన దెయ్యం చేపను మళ్లీ నీళ్లలో వేయొద్దు. గట్టు మీద ప్రాణంతో వదిలేయడం కూడా నీళ్లలో వేసినట్టే. అది గాలి మింగి పొట్టతో ఊపిరి తీసుకుంటుంది, ఒళ్లు తడిగా ఉంటే గంటల కొద్దీ బతుకుతుంది. రాత్రి ఒక వాన పడితే జారుకుంటూ చెరువు చేరుతుంది. ఇంత చిన్న పొరపాటుతో వలలు పాడైపోయి, అప్పు చేసి కొత్తవి కొన్నవాళ్లను నేను చూశాను.

మిరుగు (మృగశిర కార్తె) దాటింది. ఇంకో నెలకు చెరువులు నిండి మత్తళ్లు (అలుగులు) దుంకుతాయి. మనవి కాకతీయుల నాటి నుంచి గొలుసుకట్టు చెరువులు, పై చెరువు మత్తడే కింది చెరువుకు ఆధారం. పైగా కాకతీయ కాలువ శ్రీరాంసాగర్ నీళ్లను వరంగల్ దాకా తెస్తోంది. కాబట్టి "మా చెరువులో లేవు" అనే మాట ఈ ఏడు వరకే చెల్లుతుంది.

చేప విత్తనం (పిల్లలు) తెచ్చేటప్పుడు

సముద్రం మీద ఓడలు బరువు నిలవడానికి అడుగున నీళ్లు నింపుకుని, వేరే దేశం రేవులో పారబోస్తాయి. ఆ నీళ్లతోనే గుల్లలూ పీతలూ ఖండాలు దాటాయి. దాన్ని ఆపడానికి 2004లో అంతర్జాతీయ ఒప్పందం రాసుకుంటే 2017 సెప్టెంబరులో గానీ అమల్లోకి రాలేదు. ఆలోగా జరిగే నష్టం జరుగుతూనే ఉంది. అమెరికా ఖండాల తీరపు గుల్ల ఒకటి కేరళ అష్టముడి సరస్సులో పాతుకుపోయి అక్కడి గుల్లల చోటు ఆక్రమించింది. మనకు ఓడలు లేవు, విత్తనం ప్యాకెట్లున్నాయి. ఆ ప్యాకెట్ నీళ్లు చెరువులో కలపొద్దు. మూతి విప్పకుండా పావుగంట చెరువులో తేలనివ్వండి, తర్వాత కొంచెం కొంచెం చెరువు నీళ్లు పోయండి, చివరికి సన్నకండ్ల జాలిలో వడకట్టండి. పిల్లలు చెరువులోకి, నీళ్లు చెలకలోకి.

వడకట్టే ముందు ఒక ప్యాకెట్ పిల్లలను తెల్ల టబ్బులో వేసి చూడండి. రవ్వు పిల్ల ఈదుతూనే ఉంటుంది. దెయ్యం చేప పిల్ల టబ్బు గోడకు నోరు కరిపించుకుని నిలబడుతుంది. ఒక్కటి కనబడినా ఆ బండి మొత్తం వెనక్కి పంపండి. మార్పు చేప (మాగుర్) పిల్లలని చెప్పి ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ అంటగట్టేవాళ్లూ ఉన్నారు. దాని పెంపకం నిషేధం. చౌక అని ఒప్పుకోవద్దు.

కట్ట మీద

మగ దెయ్యం చేప ఒడ్డు మట్టిలో మీటరు దాకా బొక్క తవ్వి, ఆడది పెట్టిన గుడ్లకు అందులోనే కాపలా కాస్తుంది. నీళ్లు నిండితే ఆ బొక్కలు కనబడవు, కాబట్టి ఇప్పుడే కట్ట లోపలి వైపు నడిచి చూడండి. వరసగా, అడుగు భాగం వెడల్పుగా ఉండి లోపలికి కిందికి వంగిన బొక్కలుంటే అనుమానించండి. మట్టితో దట్టించి పూడ్చండి. కట్టకు కన్నం పడితే వానాకాలంలో ఏమవుతుందో మన ఊళ్లలో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఇక మిగతావి ఒక వరసలో చెప్పేస్తాను.

వల పడిన ప్రతిసారీ ఎన్ని దెయ్యం చేపలు వచ్చాయో, ఎంత పొడవున్నాయో సంఘం నోట్‌బుక్కులో రాయండి. వేలెడంత పిల్లలు పడితే మీ చెరువులోనే గుడ్లు పెడుతున్నాయని అర్థం, అదే రోజు మత్స్యశాఖ వాళ్లకు చెప్పండి. ఫోటోలో పక్కన స్కేలు పెట్టండి. ఏ చెరువు, ఏ వైపు, ఏ తేదీ అన్నది రాయండి. పై చెరువు వాళ్లకూ కింది చెరువు వాళ్లకూ అదే ఫోటో పంపండి, ఇదంతా వాళ్ల నీళ్లే. వేరే చెరువుకు తీసుకెళ్లే వలను ఎర్రటి ఎండలో బాగా ఆరనిచ్చాకే తీసుకెళ్లండి. అందులో చిక్కిన గుర్రపు డెక్క ముక్క ఒక్కటి మిగిలినా చాలు. తూము ముందు జాలి కట్టండి. కట్టామని ఊరుకోవద్దు, చెత్త తీస్తుండాలి. బ్లీచింగ్ పౌడర్ పోయొద్దు. కరెంటు పెట్టొద్దు. హన్మకొండలో అక్వేరియం ఉన్న మీ బావమరిదికి చెప్పండి: వేలెడంత ఉన్నప్పుడు అద్దం మీది పాచి నాకుతుందని కొన్న సక్కర్ ఫిష్ ఇదే, పెట్టెలో పట్టనంత పెరిగాక చెరువుకు తెచ్చి "విడుదల" చేసే పుణ్యం మనకొద్దు. కొన్న షాపుకే తిరిగి ఇమ్మనండి, తీసుకోకపోతే షాపు వాడితో కొట్లాడమనండి.

పట్టిన దెయ్యం చేపను తల మీద గట్టిగా ఒక్క దెబ్బతో చంపండి. అది కదలడం మానిందని నిర్ధారించుకోండి. కట్టకు దూరంగా మోకాలు లోతు గుంత తీసి పూడ్చండి, కుక్కలు పెరికితే అదొక తలనొప్పి. పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వొద్దు, ముళ్లు చేతులు కోస్తాయి.

రేపు మత్తడి కింద గంపలు పట్టుకుని ఎదురెక్కే చేపల కోసం నిలబడేవాళ్లకూ ఇదే మాట. పరకలు, జెల్లలు ఏరుకుంటూ దెయ్యం చేపను "మనకెందుకు" అని పక్కకు విసురుతారు, అది పడేది నీళ్లలోనే. ఒక గోనెసంచి వెంట తెచ్చుకోండి. అది పడగానే సంచిలో వేసి మూతి కట్టండి. నీళ్లలో వేయొద్దు.