వెనక సస్పెన్షన్ చదవడం – 4వ పాఠం: బందు ఎటు తిరిగి ఉంది?

పోయిన పాఠంలో లైవ్ యాక్సిల్ చూశాం. 2014 మోడల్ దాకా ఫోర్డ్ మస్టాంగ్ జీటీకి ఉన్నది అదే. రెండు చక్రాలూ ఒకే దూలానికి బిగించి ఉంటాయి కాబట్టి ఒకటి గతుకెక్కితే రెండోదీ ఒరుగుతుంది. నున్నటి ట్రాక్ మీద మాత్రం బాడీ ఎంత ఒరిగినా టైర్లు నిటారుగానే ఉంటాయి. దాన్ని పాతచింతకాయ పచ్చడని తీసిపారేసేవాళ్ళు ఈ సంగతి మర్చిపోతారు.

ఇవాళ్టి నుంచి ఏ చక్రం దారి దానిది. పేర్లు బట్టీ పట్టకండి. కారు కిందకి వంగి చూసి ఒక్కటే అడగండి: చక్రాన్ని పట్టుకున్న ఆర్మ్ ఏ గీత చుట్టూ ఆడుతోంది? తలుపుకి బందులెలాగో ఆర్మ్‌కి రబ్బరు బుష్‌లు అలాగ. రెండు బుష్‌లనీ కలుపుతూ గీత ఊహించుకుంటే చాలు.

పాత శుభలేఖ ఒకటి తెచ్చుకోండి, అట్ట గట్టిగా ఉంటుంది. మూడు ముక్కలు చేసి, ఒక్కోదాన్నీ ఒక్కో రకంగా మడవండి. మడతకి ఇటుపక్కది బాడీ. బల్ల అంచున పెట్టి పుస్తకంతో నొక్కండి. అటుపక్కది ఆర్మ్. దాని బయటి అంచుకి సీసా మూత నిలువుగా అతికిస్తే చక్రం.

మొదటి మడత కారుకి అడ్డంగా. ఆర్మ్ లేపితే మూత పైకి వస్తుంది, పక్కకి వాలదు. ఇది ట్రెయిలింగ్ ఆర్మ్. బాగానే ఉందనిపిస్తుంది గానీ, మలుపులో బాడీతోపాటు చక్రమూ ఒరుగుతుంది.

రెండోది కారు పొడవునా. కాస్త లేపితేనే మూత లోపలికి వాలుతుంది, కిందకి దించితే అడుగు లోపలికి ముడుచుకుంటుంది. స్వింగ్ యాక్సిల్ అంటే ఇదే. 1960–64 షెవర్లే కోర్వెయిర్‌కి చెడ్డపేరు తెచ్చింది ఈ ముడుచుకోవడమే.

మూడోది ఏటవాలుగా: సెమీ ట్రెయిలింగ్ ఆర్మ్. మొదటి బీఎండబ్ల్యూ ఎం3కి ఇదే, 1964 నుంచి దాదాపు మూడు దశాబ్దాలు పోర్షే 911కీ ఇదే. మూత కొంచెమే లోపలికి వాలుతుంది, మలుపులో మనకి కావలసిందే. ఇప్పుడు బాగా లేపి పైనుంచి చూడండి. మూత మొహం కూడా కాస్త తిరిగింది కదా? అది టో.

ఇక్కడ అట్ట చూపించలేనిది ఒకటుంది. బందు రబ్బరుది, నలుగుతుంది. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే టైరు ఆర్మ్‌ని వెనక్కి లాగుతుంది. బుష్‌లు నలిగి, చక్రం ముందంచు బయటికి తిరుగుతుంది. బరువు ముందుకు పోయి వెనక టైర్ల పట్టు తగ్గేదీ సరిగ్గా అప్పుడే. 911లో ఇంజనూ వెనకే వేలాడుతుంటుంది, ఇక తోక బయటికి రాక ఏం చేస్తుంది?

1977లో వచ్చిన 928లో పోర్షే వాళ్ళు ఆ లాగుడునే వాడుకున్నారు. ఆర్మ్ ముందు బందు దగ్గర చిన్న లింక్ పెట్టారు. టైరు వెనక్కి లాగినప్పుడు అది కదిలి చక్రం ముందంచుని లోపలికి తిప్పుతుంది. దాని పేరు వైసాక్ యాక్సిల్. నాకైతే ఈ పాఠం మొత్తంలో అంతకంటే తెలివైన పని కనపడదు. 911 మాత్రం మల్టీలింక్ కోసం, అంటే ఒక్క ఆర్మ్ బదులు చాలా లింకులు చక్రాన్ని పట్టుకునే పద్ధతి కోసం, 993 అనే తరం దాకా ఆగింది.

ఇంటిపని: ఏటవాలు మడతలు ఇంకో రెండు చేయండి. ఒకటి అడ్డానికి దగ్గరగా, ఒకటి పొడవుకి దగ్గరగా. ఏది ఎంత వాలిందో రాసుకోండి. మూతలు పారేయకండి, వచ్చే పాఠంలో 1982 మెర్సిడెస్ 190 ఐదు లింకులకి ఐదు అగ్గిపుల్లలతోపాటు అవీ కావాలి.