పాత చెక్క సామానుకు స్టెన్సిల్ అందం – 3వ పాఠం: సొంత డిజైన్ కోయడం, అద్దడం

మొదటి రెండు పాఠాల్లో పాత టీపాయ్‌ని గీకి, గుంటలకు లప్పం పెట్టి, ప్రైమర్ కొట్టి, దాని మీద ముదురు ఎరుపు అక్రిలిక్ రెండు కోట్లు వేసుకున్నాం. చేర్యాల పటాల్లో బొమ్మల వెనక కనిపించే ఎరుపుకు దగ్గరగా ఉండే రంగు అది. దాని మీద పసుపు, తెలుపు ఏది వేసినా బాగా తేలి కనబడుతుంది. రెండో కోటు వేసి ఒక రోజైనా గడవాలి. ఎవరికీ కనబడని మూలలో గోటితో నొక్కి చూడండి. గుర్తు పడితే రంగు లోపల ఇంకా పచ్చిగానే ఉన్నట్టు. అలాంటప్పుడు ఇవాళ స్టెన్సిల్ (డిజైన్ ఆకారంలో రంధ్రాలు కోసిన షీటు, వాటిలోంచి రంగు అద్దుతాం) కోసుకుని, అద్దడం రేపటికి ఉంచుకోండి.

రెడీమేడ్ స్టెన్సిళ్లు షాపుల్లో చాలానే దొరుకుతాయి. ఎక్కువగా గులాబీలు, సీతాకోకచిలుకలు, ఇంగ్లిష్ అక్షరాలు. వాటితో చేసినా తప్పేమీ లేదు. కానీ చుట్టూ ఇన్ని నగిషీలున్న వరంగల్‌లో ఉండి, ఎక్కడో ఎవరో గీసిన గులాబీని మన టీపాయ్ మీద అద్దుకోవడం నాకు మనసొప్పదు. కోయడం నేర్చుకుంటే కళ్లు కూడా మారతాయి. దర్వాజ మీది చెక్కడం, చీర అంచు, గుడి గోడ, దేన్ని చూసినా ‘ఇది షీటులో ఎట్లా వస్తుంది’ అన్న లెక్క మొదలవుతుంది. అందుకే ఈ పాఠంలో ఎక్కువ భాగం కోత గురించే.

పడిపోయే ముక్క

కోతకు ఒకటే నియమం. రంధ్రాలు కోసేశాక మిగిలిన షీటంతా ఒకే ముక్కగా ఉండాలి.

ఒక కాగితం మీద పెద్ద సున్నా గీసి, లోపల చిన్న సున్నా గీయండి. రెండింటి మధ్య ఉన్న వలయాన్ని కోయండి. లోపలి చిన్న సున్నా ఊడి కింద పడుతుంది. అద్దితే వలయానికి బదులు నిండు చుక్క పడుతుంది. లోపలి ముక్క నిలవాలంటే వలయంలో రెండు మూడు చోట్ల కోయకుండా సన్నని పట్టీ వదలాలి. దీన్ని బ్రిడ్జి అంటారు. టీపాయ్ మీద ‘అమ్మ’ అని రాయాలన్నా ఇదే చిక్కు. ‘అ’లో చుట్టుకున్న చోట లోపలి ముక్క నిలవదు, అక్కడ బ్రిడ్జి వదలాల్సిందే. ఇంటి ముందు వేసే మెలికల ముగ్గును ఉన్నది ఉన్నట్టు షీటులోకి దించలేకపోవడానికీ కారణం ఇదే. దాని గీతలన్నీ చుట్టూ తిరిగి మూసుకుంటాయి. గీత గీతను దాటే ప్రతిచోటా కొంచెం తెంపితేనే అది స్టెన్సిల్ అవుతుంది.

ఈ సంగతి రాతిలో చూడాలనుంటే హన్మకొండ వేయి స్తంభాల గుడికి గానీ, పాలంపేట రామప్ప గుడికి గానీ వెళ్లండి. మొదటిది 1163లో, రెండోది 1213లో కట్టినవి. లోపల ద్వారానికి రెండు పక్కలా రాతి జాలీలు, అంటే ఖాళీలు వదిలి చెక్కిన రాతి పలకలు, ఉంటాయి. వాటి ముందు నిలబడి బొమ్మల్ని వదిలేసి ఖాళీలను చూడండి. ఖాళీల మధ్య మిగిలిన రాయి ఎక్కడా తెగలేదు. నాట్యం చేస్తున్న బొమ్మ చేయో, కాలో, పక్కన తీగో ఏదో ఒకటి చట్రాన్ని పట్టుకునే ఉంటుంది. అక్కడ రాయి కూలకుండా ఉండటానికి ఆ శిల్పి పడ్డ జాగ్రత్తే షీటు మీద మనం పడాలి. ఆ ఆధారాలన్నీ బొమ్మలో భాగమైపోయాయి కాబట్టి ఆధారాలుగా కంటికి ఆనవు. మన బ్రిడ్జిలు కూడా రేకుకూ రేకుకూ మధ్య సందులాగానో, ఆకు ఈనెలాగానో కలిసిపోవాలి. అతికినట్టు కనబడే బ్రిడ్జి ఉన్న డిజైన్‌ని మళ్లీ గీయడమే మంచిది.

ఏం గీయాలి

మొదటిసారి కోసేవాళ్లు వరంగల్ కొత్తవాడలో నేసే డర్రీల (నేల మీద పరిచే నేత జంపఖానాల) నుంచి మొదలుపెట్టండి. 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన వరంగల్ డర్రీలు ఇవే. మగ్గం మీద నిలువు, అడ్డం పోగులతో వచ్చే డిజైన్ కాబట్టి వంపులు తక్కువ, మెట్లు మెట్లుగా ఉండే డైమండ్లు, త్రికోణాలు ఎక్కువ. గ్రాఫ్ కాగితం మీద గడులు నింపుతూ పోతే గంటలో డిజైన్ తయారవుతుంది. స్కేలు పెట్టి కోయొచ్చు, చేయి వణికినా ఇబ్బంది లేదు. టీపాయ్ అంచుకు 5 సెంటీమీటర్ల చదరంలో ఒక డైమండ్, దాని నాలుగు మూలలా నాలుగు త్రికోణాలు చాలు. డైమండ్‌కీ త్రికోణాలకీ మధ్య 3 మిల్లీమీటర్ల షీటు మిగలనివ్వండి.

నడిమధ్యకు మాత్రం తంగేడు వేద్దాం. బతుకమ్మ పేర్చేటప్పుడు తంగేడు లేని బతుకమ్మను ఊహించలేం, తెలంగాణ రాష్ట్ర పుష్పం కూడా అదే. అంతకన్నా మనకు పనికొచ్చే సంగతి ఏంటంటే అది స్టెన్సిల్‌కు అచ్చంగా సరిపోయే మొక్క. ఒక కొమ్మ తెచ్చి ఎదురుగా పెట్టుకుని చూడండి. పూవుకు ఐదు రేకులు. ఒక్కో రేకు మొదట్లో సన్నగా ఉండి, పైకి వెళ్లేకొద్దీ వెడల్పై, అంచు కొంచెం నలిగినట్టు ఉంటుంది. రేకుల మధ్య సందు ముందే ఉంది కాబట్టి బ్రిడ్జిల కోసం వెతకాల్సిన పని లేదు. ఇక ఆకు చూడండి. ఒకే ఈనెకు రెండు వైపులా జంటలు జంటలుగా చిన్న ఆకులు, చివరలు గుండ్రం. ప్రతి చిన్న ఆకూ ఒక రంధ్రం. నడుమ ఈనెను కోయకుండా వదిలితే చాలు, ఆకులన్నిటినీ పట్టుకునే బ్రిడ్జి అదే అవుతుంది.

పూవును 6 సెంటీమీటర్ల వెడల్పులో గీయండి. రేకుల మధ్య 2 మిల్లీమీటర్ల సందు వదలండి. మధ్యలో రేకులు కలిసేచోటికి రంధ్రాన్ని తీసుకెళ్లకండి, బఠాణీ గింజంత షీటు అలాగే ఉండనివ్వండి. దాని మీద తరవాత కేసరాలు పెట్టుకుందాం. రేకుల అంచు వంకరలు ఐదింటికీ ఒకేలా రానక్కర్లేదు, చెట్టు మీద కూడా రావు.

కాకతీయ తోరణం చాలామంది అడిగేదే. రెండు స్తంభాలు, పైన దూలాలు, హంసలు, అన్నీ కలిపి కోయడం కష్టం. మంచం తలవైపు పలకకైతే బాగుంటుంది, టీపాయ్‌కి పెద్దదవుతుంది. రెండు రంగుల స్టెన్సిల్ నేర్చుకున్నాక దాని దగ్గరికి వద్దాం.

షీటు, కోత

ఇంట్లో మూలన పడున్న పాత ఎక్స్‌రే ఫిల్మ్ మంచి షీటు. మరీ పలచగా ఉండదు, తడికి ముడవదు, కడిగి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. పేషెంటు పేరున్న ముక్కను ముందే కత్తిరించి పారేయండి. నల్లగా ఉంటే కింద గీత కనబడదు కాబట్టి డిజైన్ కాగితాన్ని ఫిల్మ్ పైన టేపుతో అతికించి, రెండింటినీ కలిపి కోయండి. ఎక్స్‌రే లేకపోతే జిరాక్స్ షాపుల్లో దొరికే ఓహెచ్‌పీ షీటు (పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు) తీసుకోండి. కొంచెం పలచన, కానీ ఇరవై ముప్పై అద్దకాలకు ఆగుతుంది. చార్టు పేపరు వద్దు, నాలుగో అద్దకానికే అంచు నానిపోతుంది.

కింద పాత అద్దం ముక్క గానీ, కటింగ్ మ్యాట్ గానీ పెట్టుకోండి. కట్టర్‌లో కొత్త బ్లేడు వేయండి. ముందు చిన్న రంధ్రాలు, చివర పెద్దవి కోయాలి. పెద్దది ముందు కోస్తే షీటు బలం పోయి, పక్కన చిన్నవి కోస్తుంటే లాగేస్తుంది. వంపు వచ్చినచోట చేయి తిప్పకండి. చేయి ఒకేచోట ఉంచి, రెండో చేత్తో షీటునే నెమ్మదిగా తిప్పండి. అంచు నున్నగా వచ్చేది ఇలాగే. కట్టర్ ముందు వైపు ఎడమచేతి వేళ్లు ఎప్పుడూ ఉండకూడదు. బ్రిడ్జి తెగితే షీటు పారేయనక్కర్లేదు. రెండు వైపులా సెల్లో టేపు అతికించి, ఎక్కువైన టేపును రంధ్రం ఆకారానికి కోసేస్తే సరి.

లెక్క

టీపాయ్ పైపలక 45 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు అనుకుందాం. మూలలు ముందు తేల్చాలి. నాలుగు మూలలకూ 5 సెంటీమీటర్ల చదరాలు పోతే పొడవు వైపు 35, వెడల్పు వైపు 20 మిగులుతాయి. 5 సెంటీమీటర్ల డైమండ్లు ఇటు ఏడు, అటు నాలుగు సరిగ్గా సరిపోతాయి. మీది 47 సెంటీమీటర్ల పలక అయితే మూలలు పోను 37 మిగులుతుంది. ఏడు డైమండ్లు పోగా 2 సెంటీమీటర్లు ఎక్కువ. ఏడింటికి చివర్లతో కలిపి ఎనిమిది సందులు. ఒక్కోదానికి 2.5 మిల్లీమీటర్లు పంచేస్తే కంటికి తెలియదు. లెక్క చూసుకోకుండా ఒక చివర నుంచి అద్దుకుంటూ పోతే అవతలి చివర సగం డైమండ్ మిగులుతుంది, అది మాత్రం అందరికీ కనబడుతుంది. గుర్తులన్నీ సుద్దముక్కతో పెట్టండి, తడిగుడ్డతో తుడిస్తే పోతాయి.

అద్దకం

షీటు కదలకుండా పలకకు మాస్కింగ్ టేపు నేరుగా అంటిస్తే ఊడదీసేటప్పుడు కింది ఎరుపు కూడా లేచే ప్రమాదముంది. ముందు చీర కొంగుకో, తువ్వాలకో రెండుసార్లు అంటించి తీసి, జిగురు తగ్గించి అప్పుడు వాడండి.

కుంచె వెంట్రుకలు పొట్టిగా, బిరుసుగా, చివర చదునుగా ఉండాలి. పాత షేవింగ్ బ్రష్‌ను సగానికి కత్తిరించినా, స్పాంజ్ ముక్క అయినా పనిచేస్తుంది. రంగు చిక్కగా ఉండాలి, నీళ్లు కలపకండి. కుంచె కొసకు కొంచెం రంగు తీసుకుని పాత పేపరు మీద గుండ్రంగా రుద్దుతూ ఉండండి. పేపరు మీద తడి మరక పోయి, పొడి పొడిగా లేత రంగు పడేదాకా రుద్దాలి. ఇంకేం మిగిలింది అనిపించినప్పుడు సరిగ్గా ఉన్నట్టు.

కుంచెను నిటారుగా పట్టుకుని, నొసట కుంకుమ అద్దినట్టు మెల్లగా తాకించండి. అంచు దగ్గర మొదలుపెట్టి లోపలికి రావాలి. పక్కకు లాగితే రంగు షీటు కిందికి దూరుతుంది. మొదటిసారికి పసుపు పలచగా పడి కింది ఎరుపు కనబడుతుంది, కంగారు పడకండి. ఐదు నిమిషాలు ఆగి రెండోసారి, కావాలంటే మూడోసారి అద్దండి. ఒకేసారి మందంగా వేసిన దానికన్నా మూడుసార్లు పలచగా వేసిందే అంచు పదునుగా నిలుస్తుంది. తీసేటప్పుడు షీటును జరపకుండా నిటారుగా పైకెత్తండి.

ప్రతి మూడు నాలుగు అద్దకాలకోసారి షీటు వెనక తుడవాలి. ఇది మాత్రం మరిచిపోకండి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండకు రంగు కుంచె మీదే ఎండిపోతుంది. పొద్దున్నే పని పెట్టుకోండి, ఫ్యాన్ ఆపేయండి, రంగు డబ్బా మూత వేసి ఉంచండి. వానాకాలంలో దీనికి వ్యతిరేకం. అద్దకానికీ అద్దకానికీ మధ్య ఇంకాసేపు ఆగాలి.

చెక్క నరాలున్న పలక మీద ఎంత జాగ్రత్తగా అద్దినా రంగు నరాల వెంట పాకుతుంది. దానికో ఉపాయముంది. షీటు అతికించాక ముందు పసుపు వేయకండి, కింద వేసిన ఎరుపునే ఆ రంధ్రంలో ఒకసారి పలచగా అద్దండి. పాకేదేదైనా ఉంటే ఆ ఎరుపే పాకి సందులు మూసేస్తుంది, ఎరుపు మీద ఎరుపు కనబడదు. ఆరాక పసుపు అద్దితే గీత కత్తితో గీసినట్టు వస్తుంది. దీన్ని తెలుసుకున్న తరవాత నేను టేకు సందూకల మీద కూడా భయం లేకుండా పని చేస్తున్నాను.

ఇక మీ వంతు. టీపాయ్‌ని ముట్టుకోకముందు ఒక ప్లైవుడ్ ముక్కకు అదే ఎరుపు వేసి, డైమండ్లు వరసగా పది, తంగేడు పూలు మూడు అద్దండి. పదింటిలో చివరి ఐదు ఒకేలా వచ్చాయంటే పలక మీదికి వెళ్లొచ్చు. ముందు నాలుగు మూలలు, తరవాత అంచులు, చివర నడిమధ్య పూవు. పూవు చుట్టూ ఆకులు ఎన్ని పెట్టాలో మీ ఇష్టం, నేనైతే మూడు పెడతాను. అద్దడం అయ్యాక ఒక రోజు దాకా దాని మీద ఏ వస్తువూ పెట్టకండి, వార్నిష్ కూడా వేయకండి. ఏ వార్నిష్ ఈ పసుపును కదిలించదో, ఏది కరిగించి పాడుచేస్తుందో 4వ పాఠంలో చూద్దాం. కేసరాలకు రెండో స్టెన్సిల్ కోసి మొదటిదానితో సరిగ్గా కలిపే పద్ధతి కూడా అందులోనే. మీ తంగేడు షీటును కడిగి, ఆరబెట్టి, పుస్తకం మధ్యలో చదునుగా ఉంచండి, అప్పుడు మళ్లీ కావాలి.