పాత ఎలక్ట్రిక్ బండి కొందామా? మూడో పాఠం: బ్యాటరీ నాడి చూడటం

పోయిన పాఠం చివర వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ కొని పెట్టుకోమన్నాను, కొన్నారా? ఎలక్ట్రికల్ షాపులో మూడు నాలుగు వందలకు దొరికే పసుపు రంగుదైనా మన పనికి సరిపోతుంది. ఇంకా కొననివాళ్ళు అది చేతికొచ్చాక దీన్ని మళ్ళీ చదవండి. చేత్తో చేస్తేనే వంటపట్టే పాఠం ఇది.

250 వాట్ల లోపు మోటారు ఉండి గంటకు 25 కిలోమీటర్లు దాటని బండికి రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదని మొదటి పాఠంలో చెప్పుకున్నాం. రెండో పాఠంలో ఫ్రేమ్, బ్రేకులు, టైర్లు చూశాం. అవన్నీ బాగున్నా బ్యాటరీ పోయిందంటే మీరు కొన్నది ఇనుప సామానే.

నా మొదటి బండి సంగతి చెబుతాను. పద్దెనిమిది వేలకు బేరం కుదిరింది. "బ్యాటరీలు కొత్తవే సార్, ఆర్నెల్లు కూడా కాలేదు" అన్నాడు అమ్మిన మనిషి. డిస్‌ప్లేలో ఛార్జింగ్ గీతలు నిండుగా ఉన్నాయి. సందు చివరిదాకా వెళ్ళొచ్చాను, బాగానే లాగింది. డబ్బులిచ్చేశాను. మర్నాడు మా ఆవిడను ఎక్కించుకుని బెజవాడ బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే సగం దారిలో గీతలన్నీ మాయమై బండి ఆగిపోయింది. పక్కకు తీసి రెండు నిమిషాలు నిలబడ్డామో లేదో, గీతలు మళ్ళీ నిండుగా వచ్చేశాయి. ఫోన్ చేస్తే "డిస్‌ప్లే ప్రాబ్లం సార్" అన్నాడు. పాపం డిస్‌ప్లే తప్పేమీ లేదు, దానికి కనిపించిందే చూపించింది. చవక బండ్లలో అది చూసేది వోల్టేజీ ఒక్కటే. అరిగిపోయిన బ్యాటరీకి కూడా ఖాళీగా కూర్చోబెడితే వోల్టేజీ బాగానే ఉంటుంది. బరువు పడ్డప్పుడే దాని బండారం బయటపడుతుంది. అమ్మేవాళ్ళు బండిని నిండా ఛార్జ్ చేసి ఉంచేదీ, సందు చివరిదాకా మాత్రమే నడపనిచ్చేదీ ఇందుకే.

మీటర్ పెట్టే పద్ధతి

ముందు చేతికున్న ఉంగరం, లోహపు గడియారం తీసేయండి. బండి తాళం తీసేసి, సీటు కింద ఉండే ఎంసీబీని, అంటే బ్యాటరీ కరెంటును తెంచే స్విచ్‌ను, ఆఫ్ చేయండి. మీటర్ నల్ల వైరును కామ్ అని రాసి ఉన్న రంధ్రంలో, ఎర్ర వైరును దాని పక్కన వీ గుర్తున్న రంధ్రంలో పెట్టండి. మూడో రంధ్రం ఉంటుంది, 10 యాంపులది. దాని జోలికి పోవద్దు. మా బావమరిది ఒకసారి ఎర్ర వైరు అందులో పెట్టి బ్యాటరీకి తగిలించాడు. ఫట్‌మని మెరిసి వైరు మొన కరిగిపోయింది, మీటర్ చచ్చింది. చెయ్యి కాలకపోవడం అదృష్టం.

నాబ్‌ను డీసీ 200 మీదకు తిప్పండి. ఎర్రది ప్లస్‌కు, నల్లది మైనస్‌కు తగిలిస్తే అంకె కనిపిస్తుంది. తక్కువ ధర బండ్లలో ఎక్కువగా 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు నాలుగు వరసగా కలిపి ఉంటాయి, మొత్తం 48 వోల్టులు. అయిదుంటే 60. ముందు వరస మొత్తం కొలవండి, తర్వాత ఒక్కో బ్యాటరీని విడిగా కొలవండి. కాగితం మీద రాసుకోవాలి, గుర్తుంటుందిలే అనుకోవద్దు.

నా బండిని నిండా ఛార్జ్ చేసి రెండు గంటలు కదపకుండా ఉంచి కొలిస్తే వచ్చినవి ఇవి: 12.9, 12.9, 12.8, 12.7. మొత్తం 51.3. చూస్తే నాలుగూ బుద్ధిమంతులే.

బరువు పెట్టి చూడటం

వెనక మనిషిని కూర్చోబెట్టుకుని ఏడు కిలోమీటర్లు తిరిగొచ్చి, ఆపిన నిమిషంలోపే మళ్ళీ కొలిచాను. మూడు బ్యాటరీలు 12.3, 12.4 మధ్య ఉన్నాయి. నాలుగోది 11.2. దొంగ దొరికాడు.

అక్కడితో ఆగబుద్ధి కాలేదు. రెండు పొడవాటి వైర్లకు చిన్న ఫ్యూజు వేసి, నాలుగో బ్యాటరీ టెర్మినళ్ళకు బిగించి, వాటిని సీటు కింద నుంచి బయటికి లాగాను. వెనక కూర్చున్న మా బావమరిది చేతికి కొత్త మీటర్ ఇచ్చాను (పాతదాని ఖర్చు వాడి దగ్గరే వసూలు చేశాను). ఎక్సలేటర్ తిప్పగానే "బావా, తొమ్మిదిన్నర!" అని అరిచాడు. వదలగానే "పన్నెండు!" ఆ రెండు అరుపుల మధ్యే ఉంది బ్యాటరీ జాతకమంతా.

ఇప్పుడు ఫ్లైఓవర్ లెక్క వేయండి. ఎత్తు ఎక్కేటప్పుడు మిగతా మూడూ పదకొండున్నర దగ్గర నిలబడ్డా మొత్తం 34.5. నాలుగోది 7కు కూలితే 41.5. మోటారుకు కరెంటు పంపే పెట్టెను కంట్రోలర్ అంటారు. 48 వోల్టుల కంట్రోలర్ ఎక్కువగా 42 దగ్గర మోటారును ఆపేస్తుంది, చాలా కంట్రోలర్ల మీద ఆ అంకె రాసే ఉంటుంది. మూడు బ్యాటరీలు బతికున్నా బండి ఆగిపోయింది అందుకే.

కొనడానికి వెళ్ళినప్పుడు వైర్లు లాగే పని పెట్టుకోనక్కర్లేదు. ఇద్దరు ఎక్కి ఆరేడు కిలోమీటర్లు, కుదిరితే ఒక ఎత్తు ఉన్న దారిలో తిరిగొచ్చి వెంటనే కొలిస్తే చాలు. బ్యాటరీల మధ్య అర వోల్టుకు మించి తేడా ఉంటే తక్కువది పోయినట్టే లెక్క. స్టాండ్ వేసి చక్రం గాలిలో తిప్పి చూపిస్తే ఒప్పుకోవద్దు, అప్పుడు మోటారుకు బరువే ఉండదు. బ్రేకు పట్టి ఎక్సలేటర్ తిప్పడం కూడా దండగ. బ్రేకు లివర్ నొక్కితే మోటారుకు కరెంటు ఆగిపోయేలా ఎక్కువ బండ్లలో స్విచ్ ఉంటుంది.

"అంత దూరం ఇవ్వను సార్, వెళ్తే ఇక్కడిదాకా వెళ్ళండి" అంటే గొడవ వద్దు. బ్యాటరీలు లేని బండికి ఎంతిస్తారో అంతే చెప్పండి. నాలుగు బ్యాటరీలకు నాకు పదకొండు వేలు దాటింది. మీ ఊళ్ళో ధర ముందే షాపులో కనుక్కుని వెళ్తే బేరంలో నోరు లేస్తుంది.

తిరిగొచ్చాక ఇంకో పని. టెర్మినల్ నట్ల దగ్గర, ప్లాస్టిక్ కనెక్టర్ల దగ్గర వేలి వెనక భాగంతో తాకి చూడండి. ఒకచోట మాత్రమే వేడిగా ఉంటే అక్కడ పట్టు వదులైందని అర్థం. బ్యాటరీ పోయిందని తీర్మానించి మార్పించిన బండ్లలో ఒక నట్టు బిగిస్తే బాగయ్యేవి నేను కొన్ని చూశాను. కనెక్టర్ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగితే మాత్రం బిగించి లాభం లేదు, మార్చాల్సిందే.

ఒక్కటే మార్చాలా, నాలుగూనా?

మెకానిక్ ఒక్కటి మారిస్తే చాలంటాడు. నేనూ విన్నాను, అయిదు నెలలకు ఇంకోటి పోయింది. వరసలో నాలుగింటి గుండా పారేది ఒకే కరెంటు. ఛార్జర్ చూసేది మొత్తం వోల్టేజీని, ఎవరికి ఎంత నిండిందో దానికి తెలియదు. కొత్తదీ పాతవీ కలిస్తే ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ అవుతుంది. సెట్టు వయసు ఏడాది లోపైతే ఒకటి మార్చండి, దాటితే నాలుగూ మార్చడమే చవక. పాతవి షాపులో ఊరికే వదిలేయకండి. లోపల సీసం ఉంటుంది, బిల్లులో తగ్గించమని అడగండి.

లిథియం అయితే

ప్యాక్ మూసేసి ఉంటుంది కాబట్టి లోపలి సెల్లులను విడివిడిగా కొలవలేం. విప్పొద్దు కూడా. లోపల బీఎంఎస్ అనే కాపలా బోర్డు ఉంటుంది. దాని నియమం పంక్తి భోజనం లాంటిది. ఒక్కరు లేస్తే అందరూ లేవాల్సిందే. ఒక్క సెల్లు అడుగంటినా మొత్తం ప్యాక్‌ను ఆపేస్తుంది. ముప్పై శాతం చూపిస్తూనే బండి టక్కున ఆగిపోవడం ఈ బాపతే. తేడా కొద్దిగా ఉంటే, ఛార్జర్ పచ్చ లైటు వచ్చాక ఇంకో రెండు మూడు గంటలు అలాగే ఉంచండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే సెల్లులు ఒక దారికి రావచ్చు. చాలా బీఎంఎస్‌లు సెల్లులను సమానం చేసే పని పెట్టుకునేది నిండే సమయంలోనే. మీరు మెలకువగా ఉన్నప్పుడే, ఇంటి బయటే చేయండి. అప్పటికీ మారకపోతే సెల్లు పోయినట్టే.

తెలిసినవాళ్ళ బండైతే ఇంకో మంచి పరీక్ష ఉంది. ప్లగ్గుకు పెట్టే చిన్న యూనిట్ మీటర్ ఒకటి తెచ్చి, బండి ఆగేదాకా నడిపి, నిండేదాకా ఛార్జ్ చేయండి. 60 వోల్టులు, 30 యాంప్ అవర్ ప్యాక్ అంటే 60ని 30తో గుణిస్తే 1800 వాట్ అవర్, అంటే 1.8 యూనిట్లు. ఛార్జర్ వేడికి పోయేది కలుపుకుంటే కొత్త ప్యాక్ గోడ నుంచి రెండు యూనిట్ల దాకా తాగుతుంది. 1.3 దగ్గరే పచ్చ లైటు వచ్చిందా? మూడో వంతు పోయింది. ధరలోనూ ఆ మేరకు పోవాలి.

నెలల తరబడి మూలన పడి చచ్చిన ప్యాక్‌ను "బీఎంఎస్ దాటించి నేరుగా కరెంటిస్తే లేస్తుంది సార్" అనే మెకానిక్‌లు ఉంటారు. లేస్తుంది, నిజమే. కానీ మరీ కిందికి పడిపోయిన సెల్లులో రాగి కరిగి, తర్వాత ఎప్పుడో లోపలే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఆ ఏడాది ప్రమాదాల తర్వాతే ఏఐఎస్-156 బ్యాటరీ భద్రతా నిబంధనలను కఠినం చేసి, 2022 డిసెంబరు 1న కొన్ని, 2023 మార్చి 31న మిగతావి అమల్లోకి తెచ్చారు. అందుకే లిథియం బండి తయారైన నెల, ఏడాది అడగండి. నేనైతే అంతకు ముందు తయారైనది సగం ధరకిచ్చినా తీసుకోను.

ఎండలో తిరిగొచ్చిన వెంటనే ఛార్జింగ్ పెట్టకుండా అరగంట ఆగండి. ఉబ్బిన ప్యాక్, ఘాటైన వాసన వచ్చే ప్యాక్ కనిపిస్తే బేరం అక్కడితో ఆపేయండి.

ఛార్జర్

అమ్మేవాళ్ళు ఛార్జర్ మార్చి ఇవ్వడం మామూలే. దాని మీద అవుట్‌పుట్ అంకె చూడండి. 48 వోల్టుల లెడ్ యాసిడ్ ఛార్జర్ 59 వోల్టుల దాకా వెళ్తుంది. 48 వోల్టులని చెప్పే లిథియం ప్యాక్‌లో ఎన్ఎంసీ అనే రకం సెల్లులు 13 ఉంటే అది 54.6 దగ్గర ఆగాలి, సెల్లుకు 4.2 చొప్పున. ఆ 59ని 13తో భాగిస్తే సెల్లుకు నాలుగున్నర పైనే. బీఎంఎస్ అడ్డుకోకపోతే తర్వాత ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. పిన్ను సరిపోయింది కదా అని పక్కింటి ఛార్జర్ పెట్టేవాళ్ళకు ఈ పేరా చదివి వినిపించండి.

ఈ వారం పని: తెలిసినవాళ్ళ ఎలక్ట్రిక్ బండి ఏదైనా అడిగి తీసుకోండి. లెడ్ యాసిడ్ అయితే నిండా ఛార్జ్ చేసి ఒకసారి, ఇద్దరు ఎక్కి ఏడు కిలోమీటర్లు తిరిగాక ఒకసారి, నాలుగు బ్యాటరీల అంకెలూ పక్కపక్కన రాయండి. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. నాలుగో పాఠంలో ఆర్‌సీ మార్పు, ఫైనాన్స్ బాకీ చూసుకోవడం మొదలుపెట్టే ముందు దానితో పని ఉంది.